వేలంలో పాత సినిమా పోస్టర్లు, బొమ్మ కార్లు, రవివర్మ ప్రింటు కొనొచ్చా? మీ నాలుగు లాట్ల గురించి

నమస్తే అండి. మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కదా. మీరు చెన్నైలో వలసరవాక్కంలో ఉంటున్నారు, తాతగారు ఒకప్పుడు వడపళని స్టూడియోల్లో లైట్‌మ్యాన్‌గా చేశారు, ఆ ఇష్టంతో మొదటిసారి ఒక ఆన్‌లైన్ వేలంలో దిగుదామనుకుంటున్నారు. బడ్జెట్ లక్ష రూపాయలు. కన్ను పడింది నాలుగు లాట్ల మీద (లాట్ అంటే వేలంలో ఒక్క నంబరు కింద అమ్మే వస్తువు, లేదా వస్తువుల కట్ట): "1957 ఒరిజినల్" అని రాసిన మాయాబజార్ తెలుగు పోస్టర్ ఒకటి, జరీ, చమ్కీలు కుట్టిన రవివర్మ లక్ష్మి ప్రింటు, డింకీ అనే పేరుతో వచ్చిన పాత లోహపు బొమ్మ కార్లు మూడు (ఒకదానికి డబ్బా ఉంది), ఇంకా పాత తెలుగు సినిమా పాటల పుస్తకాల కట్ట ఒకటి. వీటిలో ఏది కొనాలి, ఇది ఇన్వెస్ట్‌మెంట్‌గా పనికొస్తుందా, ప్రింటుని డల్లాస్‌లో ఉన్న అన్నయ్యకి పంపొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. పాటల పుస్తకాల కట్టకి ధైర్యంగా వేలం పాట పాడండి. పోస్టర్‌కి కింది అంచు ఫోటో, వెనక వైపు ఫోటో వచ్చేదాకా పాడొద్దు. డింకీల్లో మూడూ ఒక రకం కాదు, కింద చెప్తాను. రవివర్మ ప్రింటు మీ ఇంట్లో పెట్టుకోటానికైతే ఆలోచించండి, అమెరికా పంపటానికైతే వదిలేయండి. ఇన్వెస్ట్‌మెంట్ అన్న ఆలోచన మాత్రం ఇప్పుడే పక్కన పెట్టేయండి.

ఆ చివరిది ఎందుకన్నానో ముందు చెప్తాను, ఎందుకంటే మీ బడ్జెట్ లెక్క కూడా దాంట్లోనే తేలిపోతుంది. వేలంలో పాట ఆగిన రేటుని హ్యామర్ ప్రైస్ అంటారు, మీరు కట్టేది అది కాదు. దాని మీద బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవాళ్ళ దగ్గర సంస్థ తీసుకునే కమిషన్ ఉంటుంది, పేరున్న సంస్థల్లో 20% దగ్గర మామూలు, ఆ ప్రీమియం మీద 18% జీఎస్టీ. అంటే 60,000కి మీకు పాట కొట్టేశారనుకోండి, ప్రీమియం 12,000, దాని మీద జీఎస్టీ 2,160, మొత్తం 74,160 అయింది. వస్తువు మీద జీఎస్టీ ఉంటే అది వేరే, ప్యాకింగు కొరియరు వేరే. రేపు అదే వస్తువుని మళ్ళీ వేలానికి పెట్టి అదే 60,000కి పోయిందనుకోండి, అమ్మేవాళ్ళ దగ్గర కూడా కమిషన్ పట్టుకుంటారు, 10% అనుకున్నా మీ చేతికొచ్చేది 54,000. రేటు ఒక్క రూపాయి పడకుండానే 20,000 పోయాయి. ఈ గండి పూడాలంటేనే ఏళ్ళు పడుతుంది, పైగా అమ్మాలనుకున్న రోజున కొనేవాడు ఉండాలి. అందుకే, వస్తువు మీద జీఎస్టీకీ కొరియరుకీ కూడా కొంత ఉంచుకోవాలి కాబట్టి, లక్ష బడ్జెట్ అంటే హ్యామర్ ప్రైస్ 72, 73 వేల దగ్గర ఆగిపోవాలి, అదీ నాలుగు లాట్లకీ కలిపి. క్యాటలాగ్ చివర్లో చిన్న అక్షరాల్లో ఉండే షరతుల పేజీ ఒక్కొక్క సంస్థకి ఒక్కోలా ఉంటుంది, మీ ప్రీమియం ఎంతో, డబ్బు ఎన్ని రోజుల్లో కట్టాలో అక్కడ చూసుకుని ఈ లెక్క మళ్ళీ మీరే వేసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. నేను చాలా ఏళ్ళుగా ఇక్కడ చెన్నైలో పాత సినిమా కాగితం కొంటున్నాను, అంటే పోస్టర్లు, స్టిల్స్, పాటల పుస్తకాలు, హ్యాండ్‌బిల్లులు. నాకు పనికొచ్చిన పద్ధతి ఒక్కటే, వస్తువు మీద అచ్చైన ప్రతి అక్షరం చదవడం. అమ్మేవాళ్ళు చెప్పే కథ తర్వాత వినొచ్చు. "ఫలానా ప్రొడ్యూసర్ గారి ఇంట్లోంచి వచ్చింది", "స్టూడియో మూసేసినప్పుడు మా నాన్న తెచ్చాడు" లాంటివి కోడంబాక్కంలో ప్రతి రెండో షాపులో వినిపిస్తాయి, కొన్ని నిజం కూడా, కానీ కథకి రుజువు ఉండదు, కాగితానికి ఉంటుంది.

పోస్టర్ సంగతి. మాయాబజార్ 1957 మార్చి 27న వచ్చింది. తమిళంలో కూడా అదే ఏడాది వచ్చింది, అందుకే చెన్నైలో దొరికే వాటిలో తమిళ కాగితం ఎక్కువ కనిపిస్తుంది, తెలుగు పోస్టర్లు అప్పట్లోనే ఆంధ్రా వైపు డిస్ట్రిబ్యూటర్లకి వెళ్ళిపోయాయి. ఈ సినిమా మళ్ళీ మళ్ళీ రిలీజ్ అవుతూనే ఉంది, రిలీజ్ అయినప్పుడల్లా కొత్త పోస్టర్లు వేశారు, 2010లో రంగుల్లో వచ్చినప్పుడు కూడా వేశారు. కాబట్టి మీ ముందు మూడు అవకాశాలున్నాయి: 1957 నాటిది, తర్వాతి రిలీజుల్లో ఏదో ఒక దానిది, లేదా ఈ మధ్య కంప్యూటర్‌లో స్కాన్ చేసి ప్రింటు తీసింది. రెండోది నకిలీ కాదు, అది కూడా అసలైన పోస్టరే, కానీ రేటు వేరు. క్యాటలాగ్‌లో "ఒరిజినల్" అన్న మాట ఈ మొదటి రెండింటికీ వాడేస్తారు, అక్కడ జాగ్రత్త.

కింది అంచు ఫోటో అడగమన్నది ఇందుకే. పోస్టర్ కింద సన్నటి లైన్‌లో ప్రెస్ పేరు, ఊరు ఉంటాయి, ఒక్కోసారి డిస్ట్రిబ్యూటర్ పేరు, ఆఫీసు అడ్రసు కూడా ఉంటాయి. ఆ అడ్రసే మీకు క్యాలెండర్. "మద్రాసు-26" అని ఉంటే పాత పద్ధతి. "మద్రాసు-600 026" అని ఉందంటే అది పిన్ కోడ్, పిన్ కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది, అంతకు ముందు అచ్చైన కాగితం మీద ఆరంకెలు ఉండే అవకాశమే లేదు. "చెన్నై" అని ఉంటే 1996 తర్వాత. అలాగే విజయవాడ అడ్రసు పక్కన ఆంధ్రప్రదేశ్ అని ఉంటే 1956 నవంబర్ తర్వాతది, మాయాబజార్‌కి ఇది అక్కర్లేదు గానీ 1951 నాటి పాతాళభైరవి, మల్లీశ్వరి కాగితానికి చాలా పనికొస్తుంది. సాలిగ్రామంలో ఒక షాపులో 1951 అని చూపించిన పోస్టర్ మీద కింద మూలలో, చదవలేనంత సన్నగా, 600తో మొదలయ్యే అంకెలు కనపడ్డాయి నాకు, షాపాయన కూడా అప్పటిదాకా అది చూళ్ళేదు, ఆయన అబద్ధం చెప్పట్లేదు, ఆయనకి ఎవరో చెప్పిన మాటే నాకు చెప్పాడు. నేను కొన్నాను, రీ-రిలీజ్ రేటుకి.

మరి కింది అంచు అసలు లేకపోతే? కత్తిరించేసి ఉంటే? అప్పుడు కొలత అడగండి. మన దగ్గర మామూలు పోస్టర్ సుమారు 30 అంగుళాలకి 40 అంగుళాలు. ఎత్తు ఒక అంగుళంన్నర తగ్గిందంటే ఎవరో కోశారని అర్థం. ఎందుకు కోశారో తెలీదు, చిరిగిపోయి కోసి ఉండొచ్చు, కానీ తేదీ చెప్పే భాగమే పోయాక "1957" అన్న రేటు మీరు ఇవ్వాల్సిన పని లేదు.

రెండోది మడతలు. అప్పట్లో పోస్టర్లు మడతపెట్టి కట్టలు కట్టి థియేటర్లకి పంపేవాళ్ళు, గోడెక్కినవి మైదా జిగురుతో పాటే పోయాయి, ఈ రోజు మనకి దొరికేవన్నీ గోడెక్కకుండా ఏ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు అటక మీదో మిగిలినవే. కాబట్టి మడత గీతలు ఉండటం లోపం కాదు, నాకైతే అది ధైర్యం. మడతలు కలిసే చోట, మధ్యలో, చిన్న చిల్లు పడి ఉంటుంది, ఆ గీత వెంట రంగు రాలిపోయి కాగితం తెల్లగా కనిపిస్తుంది. ప్రివ్యూకి, అంటే వేలానికి ముందు వస్తువులు చూడనిచ్చే రోజుకి వెళ్ళగలిగితే అక్కడ వేలితో తడిమి చూడండి. స్కాన్ చేసి తీసిన ప్రింటులో మడత గీత బొమ్మలో అచ్చై ఉంటుంది, కంటికి మడతలా కనపడుతుంది, వేలికి మాత్రం నున్నగా తగులుతుంది. ఈ ఒక్క పరీక్షకి భూతద్దం కూడా అక్కర్లేదు.

భూతద్దం ఉంటే ఇంకా మంచిది, 10 రెట్లది చాలు. 50ల్లో లిథో పోస్టర్లు (రాయి లేదా లోహపు పలక మీద నుంచి అచ్చు తీసినవి) చాలావరకు ఆర్టిస్టు చేత్తో గీసి రంగు రంగుకీ విడిగా అచ్చు వేసినవి, భూతద్దంలో ఒక వరస లేని గరుకు గరుకు చుక్కలు, క్రేయాన్ గీతల్లాంటివి కనిపిస్తాయి. తర్వాత ఫోటో ఆఫ్‌సెట్ వచ్చాక చుక్కలు వరసగా, చిన్న చిన్న పువ్వుల్లా కూడి ఉంటాయి. ఇంక్‌జెట్ ప్రింటు అయితే పొడి చల్లినట్టు ఉంటుంది, అంచులు మసక. నల్ల అక్షరాల అంచు చూడండి, అక్కడ తేడా తొందరగా దొరుకుతుంది. అల్ట్రావయొలెట్ టార్చి కూడా కొంతమంది వాడతారు, కొత్త కాగితంలో తెల్లదనం కోసం కలిపే కెమికల్ వల్ల నీలంగా మెరుస్తుంది, మెరవకపోతే అది పాతదనే రుజువు మాత్రం కాదు, కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

లామినేషన్ చేయించిన పోస్టర్ ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ప్లాస్టిక్ కాగితానికి పట్టేసుకుంటుంది, తీస్తే రంగుతో సహా వస్తుంది. ఎంతమంది మంచి మనసుతో, తాతగారి గుర్తు చెడిపోకూడదని, వీధి చివరి షాపుకి తీసుకెళ్ళి ఈ పని చేయించారో, చూసినప్పుడల్లా బాధేస్తుంది. మీ ఇంట్లో తాతగారి కాగితాలు ఏమైనా ఉంటే దయచేసి లామినేట్ చేయించొద్దు, సెలోటేప్ కూడా వద్దు, ఆ గమ్ పసుపుపచ్చగా లోపలికి దిగిపోతుంది.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ ఇలాంటి వేలాల్లో పక్కనే కనిపిస్తాయి కాబట్టి. "ఫలానా హీరో ఫలానా సినిమాలో పెట్టుకున్న కిరీటం", గద, కత్తి, నగలు. పౌరాణికాల రోజుల్లో ఈ సామాను చాలావరకు అద్దెకిచ్చే షాపుల నుంచి వచ్చేది, ఒకే కిరీటం పది సినిమాల్లో పది తలల మీదికెళ్ళేది, రాళ్ళు ఊడితే వేరే రంగు రాళ్ళు అతికించేవాళ్ళు, రంగు మార్చేవాళ్ళు. కాబట్టి కిరీటం పాతదే అవ్వొచ్చు, ఆ తల మీదిదే అని ఎలా తెలుస్తుంది? సినిమాలో క్లోజప్ ఆపి, రాళ్ళ వరస, సొట్టలు, వంకర ఎక్కడున్నాయో ఒక్కొక్కటీ వస్తువుతో పోల్చి చూపించాలి. అలా పోల్చిన ఫోటోలు అమ్మేవాళ్ళు ఇస్తేనే "సినిమాలో వాడింది" అన్న రేటు. నాకు తెలిసిన ఒకాయన ఒక భుజకీర్తిని ఇలా ఫ్రేము ఫ్రేముకీ పోల్చి ఎడమ వైపు విరిగిన రేకుతో సహా సరిపోయిందని నిరూపించాడు, దానికి నెలలు పట్టింది, ఆ ఓపికకి దండం పెట్టాలి. సంతకాలున్న స్టిల్స్‌కి కూడా అంతే జాగ్రత్త కావాలి, అభిమానులకి పంపినవాటిలో అచ్చైన సంతకాలు, రబ్బరు స్టాంపు సంతకాలు, ఆఫీసులో వేరేవాళ్ళు పెట్టినవి చాలా ఉన్నాయి. సిరా అయితే కాగితం నారలోకి కొద్దిగా పాకి ఉంటుంది, కలం ఆగిన చోట చిక్కగా ఉంటుంది.

రీళ్ళు గనక ఎక్కడైనా లాట్‌లో కనిపిస్తే, 1950ల మొదటికి ముందువైతే, ఇంటికి తెచ్చుకోవద్దు. అప్పటి ఫిల్ము నైట్రేట్, అది దానంతటదే అంటుకోగలదు, అంటుకుంటే నీళ్ళతో ఆరదు. అలాంటివి ఉన్నాయని తెలిస్తే పూణేలో ఉన్న నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కి చెప్పడమే సరైన పని.

డింకీ కార్లు. మీరు పెట్టిన మూడో ఫోటో పెద్దది చేసి చూశాను. ఆ నీలం కారు అడుగున పేరు ఉండాల్సిన చోట గీకినట్టు, చెరిపేసినట్టు ఉంది చూడండి, అది డ్యామేజ్ కాదు. ఇంగ్లాండ్‌లో లివర్‌పూల్ బిన్స్ రోడ్‌లో మెకానో కంపెనీ డింకీలు చేసేది, 1979లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. దానికి చాలా ముందే కొన్ని పాత అచ్చులు కలకత్తాకి వచ్చాయి, ఇక్కడ వాటితో పోసి "నిక్కీ టాయ్స్" అనే పేరుతో అమ్మారు, అచ్చులో డింకీ అన్న పేరుని చెరిపేసి. రంగు కొంచెం మందంగా, పని కొంచెం మోటుగా ఉంటుంది. క్యాటలాగ్‌లో "డింకీ, ఇంగ్లాండ్" అని రాశారంటే రాసినవాళ్ళు అడుగు తిప్పి చూడలేదన్నమాట. నన్నడిగితే మనవాళ్ళు ఇష్టంగా దాచుకోవాల్సింది ఇదే, మన పిల్లలు ఆడుకున్నది ఇదే కదా. కానీ ఇంగ్లాండ్ కారు రేటు ఇవ్వకండి, సంస్థకి మెయిల్ రాసి వివరణ సరిచేయమని అడగండి, మంచి సంస్థలైతే సరిచేస్తాయి.

ఎర్ర కారు అడుగున రివెట్లు, అంటే అడుగు రేకుని పై భాగానికి బిగించిన మేకులు చూడండి. ఫ్యాక్టరీ రివెట్ గుండ్రంగా, నున్నగా నొక్కి ఉంటుంది. డ్రిల్ చేసిన గుర్తో, స్క్రూనో, జిగురో కనిపిస్తే దాన్ని విప్పి మళ్ళీ రంగేశారని. రీపెయింట్ అని చెప్పి అమ్మితే తప్పు లేదు, చెప్పకుండా అమ్మితేనే తప్పు. టైర్లు తెల్లగా కొత్తగా మెరుస్తుంటే మార్చారని, పాత రబ్బరు గట్టిపడి పగుళ్ళు పడుతుంది. డబ్బా ఉన్న కారు విషయంలో ఇంకో భయం ఉంది. డబ్బా ఉంటే రేటు బాగా పెరుగుతుంది, అందుకే డబ్బాలే విడిగా కొత్తగా ప్రింటు చేసి అమ్ముతున్నారు, పైగా అట్లాస్ అనే సంస్థ పాత డింకీ మోడళ్ళనే డబ్బాలతో సహా మళ్ళీ చేసి అమ్మింది. అట్ట మూలలు అరిగిన తీరు, లోపలి వైపు అట్ట రంగు, మడత దగ్గర అచ్చు పగిలిన తీరు, ఇవి ఫోటోలు అడగండి. పాత అట్ట లోపల బూడిద, గోధుమ రంగుల్లో ఉంటుంది, తెల్లగా ఉంటే అనుమానించాలి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి బొమ్మలైతే జింకులో సీసం లాంటి కల్తీ వల్ల లోహమే లోపల్నుంచి పగిలి పొడైపోతుంది, దానికి మందు లేదు, వెంట్రుకంత చీలికలు కనిపిస్తే వెనక్కి తగ్గండి. మీ మూడూ ఆ కాలానివి కావులెండి.

రవివర్మ ప్రింటు. రవివర్మ గారు 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టారు, తర్వాత అది లోనావాలా దగ్గర మళవలీకి మారింది, ఆయన 1906లో పోయేటప్పటికే ప్రెస్ ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ చేతుల్లో ఉంది. ప్రెస్ మాత్రం ఆయన తర్వాత కూడా చాలా దశాబ్దాలు ఆ బొమ్మలు అచ్చేస్తూనే ఉంది, పోటీ ప్రెస్సులు కాపీలు వేశాయి, ఇప్పటికీ వేస్తున్నారు. కాబట్టి "రవివర్మ ఓలియోగ్రాఫ్" (ఆయిల్ పెయింటింగులా కనిపించేలా వేసిన రంగుల అచ్చు) అనే మాటకి వందేళ్ళ తేడా ఉండొచ్చు. అడుగున "రవివర్మ ప్రెస్, కార్లా-లోనావ్లా" లాంటి అక్షరాలు ఉన్నాయేమో చూడండి, చాలాసార్లు ఫ్రేము ఆ అంచుని మూసేస్తుంది, ఫ్రేము విప్పి ఫోటో తీయమనండి. జరీ, చమ్కీలు కుట్టడం ఆ రోజుల్లో ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఇష్టంగా చేసిన పని, దాని అందం దానిదే, కానీ పాత ప్రింటు మీద నిన్న కుట్టినది కూడా ఉంటుంది, వెనక దారం చూస్తే తెలుస్తుంది, పాత దారం రంగు మారి, కుట్టు చుట్టూ కాగితం మీద తుప్పు మరకలుంటాయి. మన వైపు వాతావరణంలో కాగితం ఎంత బాగున్నా కొద్దిగా గోధుమ చుక్కలు రావాల్సిందే, అస్సలు లేవంటే నేను ఇంకోసారి చూస్తాను.

అన్నయ్యకి పంపే విషయం. 1972 నాటి యాంటిక్విటీస్ అండ్ ఆర్ట్ ట్రెజర్స్ చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళాఖండాలు దేశం దాటించకూడదు, కొనుక్కున్నంత మాత్రాన ఆ హక్కు రాదు. వందేళ్ళ లోపుదని పురావస్తు శాఖ నుంచి నాన్-యాంటిక్విటీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే పంపొచ్చు. రవివర్మ గారు చేత్తో వేసిన పెయింటింగులైతే ఎంత వయసువైనా సరే పంపడానికి లేదు, ఆయనవి 1979లో ఆర్ట్ ట్రెజర్‌గా ప్రకటించారు. మీ లాట్ క్యాటలాగ్‌లోనే "20వ శతాబ్దం ఆరంభం" అని రాశారు, అంటే సంస్థే దాన్ని వందేళ్ళు దాటిందంటోంది, ఇంక సర్టిఫికెట్ ఎలా వస్తుంది? సూట్‌కేసులో పెట్టి పంపుదామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అన్నయ్య వచ్చినప్పుడు చూస్తారు, ఇక్కడే ఉండనీయండి. అన్నట్టు దంతపు బొమ్మలు ఎవరైనా వేలంలోనో, ఇంట్లోంచో అమ్ముతామంటే ఎంత పాతవైనా ముట్టుకోవద్దు, వన్యప్రాణి చట్టం కింద కొనడం, అమ్మడం రెండూ నేరం.

ఇక పాటల పుస్తకాలు. దీన్ని మీరు ప్రశ్న చివర్లో "ఇంకా ఒక కట్ట కూడా ఉంది" అని ఒక ముక్కలో రాసేశారు, నాకు మాత్రం మీ నాలుగు లాట్లలో ఇదే బంగారం అనిపిస్తోంది. థియేటర్ దగ్గర అణాలకి, పైసలకి అమ్మిన పల్చటి పుస్తకాలు, అట్ట మీద రంగుల బొమ్మ, లోపల నటీనటులు, సాంకేతిక నిపుణుల పేర్లు, కథా సంగ్రహం, సరిగ్గా కథ ముడిపడే చోట ఆపేసి "శేషం వెండితెరపై" అని ఒక లైను, తర్వాత పాటలు. కొన్ని పాత సినిమాల ప్రింట్లే ఈ రోజు లేవు, ఆ సినిమాల్లో ఏ పాట ఎవరు రాశారు, చిన్న వేషం ఎవరు వేశారు అని తెలియాలంటే మిగిలింది ఈ పుస్తకమే. మా అమ్మ లాంటివాళ్ళు వీటిని చూసే పాటలు నేర్చుకున్నారు, మార్జిన్‌లో పెన్సిల్‌తో రాగం పేరో, పల్లవి ఎన్నిసార్లు పాడాలో రాసిపెట్టుకున్న కాపీలు నాకు దొరికాయి, అలాంటివి శుభ్రంగా ఉన్న కాపీ కన్నా నాకు ఎక్కువ.

వీటికి తేదీ కట్టడం కూడా తేలిక. వెల చూడండి. 1957 ఏప్రిల్ 1 దాకా అణాలు, ఆ రోజు నుంచి నయాపైసలు వచ్చాయి, 1964 జూన్ నుంచి "నయా" తీసేసి పైసలు అన్నారు. కాబట్టి మల్లీశ్వరి పుస్తకం మీద వెల నయాపైసల్లో ఉందంటే అది 1951 నాటి మొదటి అచ్చు కాదు, మళ్ళీ ఆడినప్పుడు వేసింది. మాయాబజార్ అయితే నయాపైసలు రావడానికి సరిగ్గా ఐదు రోజుల ముందు రిలీజ్ అయింది, అణాల్లో వెల ఉన్న కాపీ మీ కట్టలో గనక ఉంటే అది మొదటి వారాల కోసం వేసిన అచ్చు అయ్యే అవకాశం చాలా ఎక్కువ, దాన్ని ఆ పోస్టర్ కన్నా ముందు తీసుకోమంటాను నేను. అడ్రసులో 600 026 ఉందా, ఉత్త 26 ఉందా అన్నది ఇక్కడా పనిచేస్తుంది. చందమామ పాత సంచికలు ఇంట్లో ఉంటే ప్రెస్ అడ్రసు తీసి చూడండి, అది కూడా వడపళనిలోనే అచ్చయ్యేది, 26 కాస్తా 600 026 అయిన మార్పు మీ కళ్ళతోనే చూడొచ్చు.

కట్టగా అమ్మేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది, పైన నాలుగు మంచివి పెట్టి కింద డబ్బింగ్ సినిమాలవీ, అట్టలు లేనివీ పెడతారు. ఏ సినిమాలవి, అట్టలున్నాయా, పేజీలు పూర్తిగా ఉన్నాయా అని లిస్టు అడగడం మీ హక్కు. వేలంలో అమ్మేది "ఉన్నది ఉన్నట్టు" అనే షరతు మీద, కొన్నాక అట్ట లేదంటే ఎవరూ వినరు, అడగాల్సిందంతా ముందే అడిగి మెయిల్‌లో జవాబు రాబట్టుకోవాలి.

పాట రోజున చేసే పని చిన్నదే. ముందు రోజు రాత్రి లాట్ లాట్‌కీ మీ ఆఖరి హ్యామర్ రేటు, ప్రీమియంతో కలిపి అయ్యే మొత్తం, రెండూ కాగితం మీద రాసుకోండి, వీలుంటే ఆ హ్యామర్ రేటునే మీ తరఫున సంస్థే పాడేలా ముందుగా ప్రాక్సీ బిడ్‌గా పెట్టేసి లాప్‌టాప్ మూసేయండి. చాలా ఆన్‌లైన్ వేలాల్లో ఆఖరి నిమిషాల్లో ఎవరైనా పెంచితే టైము మళ్ళీ పొడిగిస్తారు, కాబట్టి చివరి సెకన్లో కొట్టేద్దామనే ఎత్తు పనిచెయ్యదు, ఇద్దరు పట్టుదల మనుషులు తగులుకుంటే సంస్థ ముందే వేసిన అంచనా రేటు, అంటే ఎస్టిమేట్‌కి మూడు రెట్లు పోతుంది. రిజర్వ్ (ఇంతకి తగ్గితే అమ్మమని పెట్టుకున్న రేటు) మామూలుగా లో ఎస్టిమేట్ (అంచనాలో తక్కువ అంకె) దగ్గరో దాని కిందో ఉంటుంది, కాబట్టి లో ఎస్టిమేట్ కూడా పాడే ఉద్దేశం లేకపోతే ఆ లాట్ మర్చిపోండి. మీ 73 వేలల్లో నేనైతే పుస్తకాలకి ముందు, పోస్టర్ ఫోటోలు సంతృప్తిగా వస్తే దానికి, మిగిలితే ఆ నీలం నిక్కీ కారుకి పెడతాను. బిల్లులు జాగ్రత్తగా దాచుకోండి, పెయింటింగుల్లాంటి కళాఖండాలు తర్వాత అమ్మితే లాభం మీద పన్ను ఉంటుంది, కొన్న రేటుకి రుజువు అదే. ఆ కాగితమే మీ తర్వాత కొనేవాళ్ళకి కూడా వస్తువు చరిత్ర.

కొన్నాక దాచడం గురించి కూడా ఒక మాట. మన సముద్రపు తేమకి కాగితానికి శత్రువులు మూడు: బూజు, చెద, ఎండ. పీవీసీ కవర్లు వద్దు, పాలిస్టర్ కవర్లు, ఆసిడ్ లేని అట్టలు దొరుకుతాయి, ఖరీదు కొంచెం ఎక్కువే. బయటి గోడకి ఆనించి బీరువా పెట్టొద్దు, వానాకాలం ఆ గోడ చెమ్మ లాగుతుంది. పోస్టర్ గోడకి తగిలించాలంటే ఎండ పడని గోడ చూసుకోండి, ఎర్రలు, పసుపులు ముందు పోయి బొమ్మంతా నీలంగా మిగులుతుంది. చిరుగులుంటే గోధుమ పిండి గంజితో వెనక బట్ట వేసి అతికించే కన్సర్వేటర్లు ఉన్నారు, ఆ జిగురు కావాలంటే నీళ్ళతో మళ్ళీ తీసేయొచ్చు, ఫెవికాల్ అలా రాదు.

ఈలోపు కన్ను అలవాటు చేసుకోటానికి రెండు చోట్లకి వెళ్ళండి. తరమణిలో రోజా ముత్తయ్య రీసెర్చ్ లైబ్రరీ ఉంది, తమిళ సినిమా కాగితం ఎక్కువ, అయినా అసలైన 50ల అచ్చు ఎలా ఉంటుందో కంటికి పట్టాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. రెండోది పల్లావరం శుక్రవారం సంత, ఉదయం ఎండెక్కకముందే వెళ్ళాలి, పాత కాగితం కట్టలు నేల మీద పోసి ఉంటాయి, కొనకపోయినా పర్లేదు, అడ్రసులు చదవండి, వెలలు చదవండి, చేతులకి కాగితం తెలియాలి.

మీ వేలం వచ్చే ఆదివారం అన్నారు కదా, పుస్తకాల లిస్టు, పోస్టర్ కింది అంచు ఫోటో, ఎర్ర కారు రివెట్ల ఫోటో, ఈ మూడూ ఇవాళే మెయిల్ పెట్టి అడగండి. వచ్చినవి ఇక్కడే పెట్టండి, శుక్రవారం రాత్రికల్లా పెడితే శనివారం చూసి ఒక్కొక్క లాట్‌కి ఎంతవరకు వెళ్ళొచ్చో రాస్తాను.